సరిహద్దు దాటిన న్యాయ సమస్యలకు విశాఖలో పరిశోధన కేంద్రం: తొలి అడుగు ఎక్కడ వేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖలోని మీ లా కాలేజీ వచ్చే విద్యా సంవత్సరం నుంచి సరిహద్దులు దాటే న్యాయ సమస్యల పరిశోధనకు, విదేశీ సంస్థలతో సహకారానికి ఒక కేంద్రం తెరవాలనుకుంటోంది. ఒక గది, ఇద్దరు అధ్యాపకులు, మొదటి ఏడాదికి పది లక్షల రూపాయలు ఇస్తామన్నారు. ఏడాది తిరిగేసరికి పది విదేశీ విశ్వవిద్యాలయాలతో అవగాహన ఒప్పందాలు, ఒక అంతర్జాతీయ సదస్సు, ఒక జర్నల్ కావాలన్నారు. బాధ్యత మీ మీద పెట్టారు. వీటిలో దేనితో మొదలుపెట్టాలి, ప్రారంభోత్సవం ఎప్పుడు పెట్టుకోవాలి అని అడిగారు.

ఆ మూడింటినీ ఏడాది పాటు పక్కన పెట్టమని నా సలహా. ఆ గదిలో ఒక బల్ల వేయండి, ఒక రిజిస్టరు తెరవండి. పరదేశంతో ముడిపడిన కాగితం చేతిలో పట్టుకుని దిక్కు తోచక తిరుగుతున్న ఉత్తరాంధ్ర మనిషి ఎవరైనా లోపలికి వచ్చి కూర్చునే వీలు కల్పించండి. మీ పరిశోధనాంశాలు ఆ రిజిస్టరులోంచి వస్తాయి. ఎవరితో సహకారం కావాలో కూడా అదే చెబుతుంది.

ముప్పై ఏళ్లకు పైగా అంతర్జాతీయ న్యాయం, నౌకా న్యాయం పాఠాలు చెప్పాను. మధ్యలో ఆరేళ్లు ఒక విద్యాసంస్థలో ఇలాంటి కేంద్రాన్నే నడిపాను. మొదటి రెండేళ్లూ మీ యాజమాన్యం కోరుతున్న పద్ధతిలోనే నడిచింది. ఏడు ఒప్పందాల మీద సంతకాలు చేయించాను. మూడో ఏడాది వచ్చేసరికి వాటిలో ఆరు చోట్ల నుంచి ఉత్తరం ముక్క కూడా రాలేదు. అటువైపు సంతకం చేసిన డీన్లు మారిపోయారు, కొత్తగా వచ్చినవారికి మేమెవరమో తెలియదు. వాళ్లను తప్పుపట్టలేను. కలిసి చేయవలసిన పని ఏదీ మేము వాళ్ల ముందు పెట్టలేదు.

ఆ ఏడాది వర్షాకాలంలో గాజువాక నుంచి ఒక తల్లి వచ్చింది. ఆమె కూతురి పేరున అమెరికాలోని ఒక కౌంటీ కోర్టు నుంచి విడాకుల దావా కాగితాలు కొరియర్లో వచ్చాయి. గడువులోగా జవాబు ఇవ్వాలని ఉంది. ఒకరు ఆ కాగితాలు పట్టించుకోవద్దన్నారట, మరొకరు ఉన్నపళంగా విమానం ఎక్కమన్నారట. ఎవరి మాట వినాలో తెలియక కాలేజీలో పెద్ద కోర్టు చదువులు చదివినవారు ఉంటారని వచ్చింది. నా విద్యార్థులు నలుగురు ఆ కాగితాలను నాలుగు రోజులు చదివారు.

చదివితే ఏమి తేలింది? కోర్టు కాగితాలను విదేశాలకు అందజేయడంపై 1965 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ 2006లో చేరింది, మనకు 2007 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. చేరేటప్పుడే టపా ద్వారా నేరుగా పంపే పద్ధతికి మనం అభ్యంతరం చెప్పాం. కాగితాలు ఢిల్లీలోని న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారానే రావాలి. అంటే ఆ కొరియర్ సరైన అందజేత కాదని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. కానీ అక్కడి కోర్టు అది చాలుననుకుని ఏకపక్షంగా తీర్పు ఇచ్చేయవచ్చు. ఆ తీర్పు ఇక్కడ చెల్లుతుందా అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ చూడాలి, దానితోపాటు వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పిన మాట చూడాలి. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న తెలుగు జంట కేసు అది. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టులో తెచ్చుకున్న విడాకులను మన కోర్టు గుర్తించలేదు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలంది. అయితే అదే తీర్పులో మినహాయింపులు ఉన్నాయి. భార్య తనంతట తాను ఆ కోర్టు పరిధికి లోబడి వాదిస్తే లెక్క మారవచ్చు. జవాబు ఇస్తే లోబడినట్టు అవుతుందా, ఇవ్వకపోతే పిల్లల విషయంలో నష్టపోతుందా అన్నది ఆ తల్లి ప్రశ్న. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం ఇప్పటికీ చేరలేదు కాబట్టి ఆ రెండో సగం మరీ చిక్కు.

ఆ ఒక్క కవరులోంచి మూడు పరిశోధన పత్రాలు పుట్టాయి. అమెరికా వైపు ఆచరణ తెలుసుకోవడానికి, మేము చేసుకున్న ఏడు ఒప్పందాల్లో ఒక దానిలోని కుటుంబ న్యాయ అధ్యాపకురాలికి ఉత్తరం రాస్తే రెండో రోజే జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆమె తన విద్యార్థుల సందేహాలు మాకు పంపేది. ఒప్పందాల్లో బతికి బట్టకట్టింది ఆ ఒక్కటే. బతకడానికి కారణం గాజువాక నుంచి వచ్చిన ఆ తల్లి.

ఇక్కడ ఒక హద్దు గట్టిగా గీసుకోండి. పూర్తికాలం జీతం మీద పనిచేసే న్యాయ అధ్యాపకులు కోర్టులో వకాల్తా పుచ్చుకోకూడదు. మీ బల్ల దగ్గర చట్టం ఏమంటోందో వివరించవచ్చు, కాగితాలు వరుసలో పెట్టించవచ్చు, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పవచ్చు. కేసు నడపవలసి వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపాలి. మొదటి నెలలోనే ఆ సంస్థ కార్యదర్శిని కలిసి రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోండి. మీకు కావలసిన మొట్టమొదటి ఒప్పందం అదే. వచ్చినవారి వివరాలు పరిశోధనకు వాడుకోవడానికి తెలుగులో రాసిన అనుమతి పత్రం మీద సంతకం తీసుకోండి, పేర్లు రిజిస్టరు దాటి బయటికి పోకూడదు.

ఇంత చిన్నగా మొదలుపెడితే ఎలా అని మీ యాజమాన్యం అడుగుతుంది. విశాఖ గురించి వాళ్లకు చెప్పండి. ఎం.వి. ఎలిజబెత్ అనే ఓడ పేరు దేశంలో నౌకా న్యాయం చదివిన ప్రతివారికీ తెలుసు, అది ఆగింది మన రేవులో అన్న సంగతి మాత్రం మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1984లో గోవాలోని మార్ముగావ్‌లో సరుకు ఎక్కించుకుని, పంపినవారి మాట కాదని అరబ్ ఎమిరేట్స్‌లో దించేసిన విదేశీ ఓడ అది. తర్వాత విశాఖ రేవుకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని నిలిపివేశారు. బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టులకు తప్ప ఇంకెవరికీ ఓడను పట్టే అధికారం లేదని, బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1861, 1890 చట్టాలు చూపించి యజమానులు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. స్వతంత్ర దేశపు హైకోర్టు అధికారం పరాయి చట్టాల దగ్గర గడ్డకట్టుకుని ఉండదని తేల్చింది. ఆ తర్వాత పాతికేళ్లకు ఓడల వివాదాలపై 2017 అడ్మిరాల్టీ చట్టం వచ్చింది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒక ఓడ మన రేవులో ఆగినందువల్ల దేశమంతటి చట్టం కదిలిందంటే, ఆ ఊళ్లో సరిహద్దు న్యాయం మీద అధ్యయనం ఎంత సహజమో ఆలోచించండి. 2020 అక్టోబరు వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. ఊరంతా వెళ్లి ఫొటోలు తీసుకుంది. ఆ ఓడను తీయించే బాధ్యత ఎవరిది, ఖర్చు ఎవరిది, బీమా ఏ దేశపు చట్టం కింద అన్న ప్రశ్నల మీద ఏ న్యాయ కళాశాలైనా ఒక సెమిస్టర్ పాఠం నడపవచ్చు.

ఇన్నింటిలోనూ మొదటి అంశంగా ఒకటే ఎంచుకోమంటే నేను మత్స్యకారుల్ని ఎంచుకుంటాను. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ గస్తీ దళానికి చిక్కారు. శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం గ్రామాల వారు అందులో ఎక్కువ. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి వచ్చారు. పద్నాలుగు నెలలు. ఈ మధ్యకాలంలో ఇక్కడ వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఎన్ని ఆఫీసులు తిరిగారో, ఎన్నిసార్లు అవే ఆధార్ కార్డు, రేషన్ కార్డు నకళ్లు ఇచ్చారో రాసిపెట్టిన పరిశోధన నా కంటబడలేదు.

చట్టం వైపు చూడండి. ఐక్యరాజ్యసమితి 1982 సముద్ర న్యాయ ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. తీరం నుంచి రెండు వందల నాటికల్ మైళ్ల లోపలి ఆర్థిక పరిధిలో చేపల వేట నిబంధన ఉల్లంఘిస్తే, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదు. తగిన పూచీ తీసుకుని పడవను, మనుషుల్ని త్వరగా వదిలిపెట్టాలి. భారత్ 1995లో, పాకిస్థాన్ 1997లో, బంగ్లాదేశ్ 2001లో ఆ ఒప్పందాన్ని ఆమోదించాయి. విదేశీ పడవల వేటపై మన 1981 చట్టం కూడా ఇదే తేడా పాటిస్తుంది. పన్నెండు మైళ్ల ప్రాదేశిక జలాల్లో పట్టుబడితే జైలు ఉండవచ్చు, అవతలి ఆర్థిక పరిధిలో అయితే జరిమానా. మరి మనవాళ్లు నెలల తరబడి జైళ్లలో ఎందుకుంటున్నారు? ఏ సెక్షన్ కింద అభియోగం పెడుతున్నారు? వేట నేరమా, అక్రమ ప్రవేశమా? పట్టుకున్న చోటు ఏ పరిధిలోకి వస్తుంది? గుజరాత్, పాకిస్థాన్‌ల నడుమ సర్ క్రీక్ అనే పాయ దగ్గర సముద్ర సరిహద్దే తేలనప్పుడు ఆ చోటును కొలిచేది ఎలా? విశాఖలో కూర్చుని, తిరిగి వచ్చినవారి నోటి నుంచే విని, వాళ్లు తెచ్చుకున్న కోర్టు కాగితాలు చూసి జవాబు వెతకదగ్గ ప్రశ్నలివి.

2008లో భారత్, పాకిస్థాన్ ఖైదీలను తమ దౌత్యాధికారులు కలిసే వీలు కోసం కాన్సులర్ ఒప్పందం చేసుకున్నాయి. అరెస్టు సంగతి వెంటనే తెలపాలి, మూడు నెలల్లోగా దౌత్యాధికారులను కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, పౌరసత్వం రుజువైన నెల రోజుల్లో వదిలిపెట్టాలి. ప్రతి జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఇందులో నాకు ముల్లులా గుచ్చుకునేది 'పౌరసత్వం రుజువైన' అన్న మాట. ఆ రుజువు ఇస్లామాబాద్‌లోనో ఢిల్లీలోనో తయారు కాదు. మత్స్యలేశంలో ఒక ఇంట్లో, ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. పేరు ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా ఉంటే అక్కడే నెలలు గడిచిపోతాయి. వేటకు వెళ్లకముందే ఆ కాగితాలన్నీ సరిచూసి ఒక చోట పెట్టించడం మీ విద్యార్థులు చేయగలిగిన పని. దేశాల మధ్య సహకారం అంటే నా దృష్టిలో ఆ ట్రంకు పెట్టె దగ్గర మొదలవుతుంది.

బంగ్లాదేశ్ వైపు పరిస్థితి వేరు. అక్కడ సముద్ర సరిహద్దు తేలిపోయింది. 2014 జులై 7న మధ్యవర్తిత్వ న్యాయస్థానం వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. కానీ మ్యాపు మీద గీసిన గీత ఇంజను చెడిపోయి కొట్టుకుపోయే పడవకు ఏమి తెలుస్తుంది? ఒకవైపు గీత లేని సముద్రం, మరోవైపు గీత ఉన్న సముద్రం. రెండు చోట్లా మన మత్స్యకారుల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఉత్తరాంధ్రకు ఉన్నట్టు ఎక్కువ చోట్ల ఉండదు.

తెలుగు గురించి కూడా చెప్పాలి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక రేవు గ్రామంలో మాట్లాడుతూ నేను 'ప్రత్యేక ఆర్థిక మండలి' అన్నాను. పత్రికల్లో ఆ మాటను రెండు వందల మైళ్ల సముద్ర పరిధికీ, కర్మాగారాలుండే సెజ్‌లకూ వాడతారు. విన్నవాళ్లు అచ్యుతాపురం కర్మాగారాల గురించి అనుకున్నారు. ఆ తర్వాత 'రెండు వందల మైళ్ల హద్దు', 'పన్నెండు మైళ్ల హద్దు' అనడం అలవాటు చేసుకున్నాను, అప్పుడే ఒక తండేలు (పడవ నాయకుడు) లేచి తనకు ఎక్కడ ఏమి జరిగిందో వేలితో ఇసుకలో గీసి చూపించాడు. మీ కేంద్రం వెలువరించే మొదటి ప్రచురణ తెలుగులో ఉండాలి. జర్నల్ తర్వాత సంగతి. 'విదేశీ కోర్టు నుంచి కాగితం వస్తే', 'సముద్రంలో పట్టుబడితే ఇంట్లోవాళ్లు చేయవలసింది', 'ధ్రువపత్రాలకు అపోస్టిల్ ఎలా' అంటూ నాలుగు పేజీల చిన్న పుస్తకాలు వేయండి. ఒక దేశపు ధ్రువపత్రాన్ని ఇంకో దేశం ఒప్పుకునేలా వేసే ముద్ర అపోస్టిల్; ఆ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది, సౌదీ అరేబియా 2022లో చేరింది. ఇలాంటి మార్పులు గల్ఫ్ వెళ్లేవారికి తెలియక దళారులకు డబ్బు పోస్తున్నారు. ఆరు నెలలకోసారి ఈ పుస్తకాలు సరిచూసి మళ్లీ వేయాలి. పాతబడిన న్యాయ సమాచారం ప్రమాదకరం.

మీ రిజిస్టరులో ఇంకా చాలా వస్తాయి. 2024 మే నెలలో కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకున్న యువకుల ఉదంతాన్ని విశాఖ పోలీసులే బయటపెట్టారు. అటువంటి కేసులో ఏజెంట్ ఇక్కడ ఉంటాడు, సాక్ష్యం అక్కడ ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 112వ సెక్షన్ కింద విదేశీ కోర్టుకు పంపే అభ్యర్థన ఎన్ని చేతులు మారుతుందో తెలిసిన న్యాయవాదులు జిల్లా స్థాయిలో తక్కువ. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయారు. ఆ కర్మాగారం మాతృసంస్థ దక్షిణ కొరియాలో ఉంది. పరాయి దేశంలోని మాతృసంస్థ బాధ్యత ఎంతవరకు అన్నది ఆ ఊరివాళ్లకు పరిశోధనాంశం కంటే చాలా పెద్ద విషయం. కానీ మొదటి ఏడాది ఇవన్నీ తలకెత్తుకోవద్దు. రాసుకోండి, పంపవలసిన చోటికి పంపండి, లోతుగా మాత్రం ఒక్కటే చదవండి.

సహకారం విషయానికి వస్తే, ఐరోపా, అమెరికాల కన్నా ముందు బంగాళాఖాతం చుట్టూ చూడండి. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, మయన్మార్, నేపాల్, శ్రీలంక, థాయిలాండ్ కలిసిన బిమ్స్‌టెక్ కూటమి సచివాలయం ఢాకాలో ఉంది. క్రిమినల్ వ్యవహారాల్లో పరస్పర న్యాయ సహకారంపై ఈ దేశాలు 2022 మార్చిలో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చట్టగ్రామ్‌ (చిట్టగాంగ్)లో ఒక న్యాయ అధ్యాపకుడు, కొలంబోలో ఒకరు మీకు దొరికితే చాలు. సంస్థను వెతకవద్దు, మనిషిని వెతకండి. ఆరు నెలలు ఇద్దరూ కలిసి ఒకే ప్రశ్న మీద పనిచేశాక అప్పుడు సంస్థల మధ్య కాగితం రాసుకుంటే అది నిలుస్తుంది. ఉమ్మడి డిగ్రీల మాట మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. వాటికి యూజీసీ 2022 నిబంధనల్లో అర్హతలు వేరే ఉన్నాయి.

ఊళ్లో ఉన్నవారిని మరచిపోవద్దు. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, అదే మండలంలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం, నగరంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అంబేద్కర్ న్యాయ కళాశాల ఉన్నాయి. ఓడ ఎలా నడుస్తుందో, పడవ స్థానం యంత్రం ఎలా నమోదు చేస్తుందో మన న్యాయ విద్యార్థులకు తెలియదు. సరిహద్దు దాటారా లేదా అన్న వాదన మొత్తం ఆ యంత్రం మీదే ఆధారపడుతుంది. మారిటైమ్ యూనివర్సిటీ అధ్యాపకుడు ఒకరు నెలకు ఒక పూట వచ్చి చెబితే, విదేశీ అతిథి ఉపన్యాసం కన్నా మీకు ఎక్కువ మేలు.

డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. మీది ప్రైవేటు ట్రస్టు కాలేజీ అని రాశారు. విదేశీ విశ్వవిద్యాలయం ప్రాజెక్టు కోసం కొంత సొమ్ము పంపుతామంటే సంతోషంగా కాలేజీ ఖాతా నంబరు ఇచ్చేయకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత పాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు, వచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు బదలాయించకూడదు. అందుకే మొదటి రెండేళ్లు విదేశీ సొమ్ము ఊసెత్తకుండా మీ పది లక్షలతోనే నడపండి. అందులో పెద్ద భాగం తెలుగు, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చిన ఒక పరిశోధన సహాయకురాలి జీతానికి, తర్వాత గ్రామాలకు తిరిగే ఖర్చులకు, మిగిలింది న్యాయ సమాచార చందాలకు పెట్టండి. గోడలకు, బోర్డులకు పెట్టవద్దు. సదస్సు కూడా ఇందుకే రెండో ఏడాదికి వాయిదా వేయమంటున్నాను. విదేశీ వక్తలకు కాన్ఫరెన్స్ వీసా కావాలి, పర్యాటక వీసా మీద వచ్చి మాట్లాడటం కుదరదు. కొన్ని పొరుగు దేశాల వారి విషయంలో ప్రభుత్వ అనుమతులకు నెలలు పడుతుంది.

ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలన్నది మీ యాజమాన్యం ఇష్టం. తేదీ మాత్రం నన్ను అడిగారు కాబట్టి జులై 1 పెట్టుకోండి. ఆ రోజు భారత్, పాకిస్థాన్ ఖైదీల, మత్స్యకారుల లెక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విదేశాంగ శాఖ ఆ సంఖ్యను ప్రకటిస్తుంది. ఆ ప్రకటనను మీ రిజిస్టరు మొదటి పేజీలో అంటించండి. పడమటి తీరంలో కేంద్రం విధించే వేట నిషేధం జులై 31తో ముగుస్తుంది, గుజరాత్ దాన్ని పొడిగించకపోతే వెరావల్ వెళ్లే మనవాళ్లు ఆ నెలాఖరులోనే రైలెక్కుతారు. అంటే మత్స్యలేశం వెళ్లి ట్రంకు పెట్టెల్లోని కాగితాలు సరిచూడటానికి మీకు కనీసం నాలుగు వారాలు దొరుకుతాయి. విద్యార్థుల బృందాన్ని జూన్‌లోనే ఎంపిక చేసి పెట్టుకోండి. అనుమతి పత్రం, నమోదు పత్రం నమూనాలు నా దగ్గర ఉన్నాయి. కావాలంటే అడగండి, పంపుతాను.